పాచిని చంపకండి, నాచుకో మడి కట్టండి

సంపాదకులకు నమస్కారం.

ఉప్పునీటి చేపల తొట్టెల గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాం. శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో కూడా సముద్రపు చేపలు పెంచేవాళ్లు కనిపిస్తున్న ఈ రోజుల్లో ఇలాంటివి రావడం మంచిదే. కానీ అందులో రెండు మాటలు చూసి ఊరుకోలేకపోయాం. తొట్టెలో పచ్చదనం కనబడగానే మందు వేసి చంపాలన్నది ఒకటి. కల్లుప్పు మంచినీళ్లలో కలిపితే సముద్రపు నీరు తయారవుతుందన్నది రెండోది. ఆ రెండూ నమ్మి చేసినవారి చేపలు బతకవు. అందుకే ఈ ఉత్తరం కొంచెం పెద్దదే అయినా పూర్తిగా వేయమని కోరుతున్నాం.

ముందు మందు సంగతి. పాచి మందుల్లో చాలావాటికి బలం రాగి. చేప కొంతవరకు తట్టుకుంటుందేమో గాని రొయ్యకు, పీతకు, నత్తకు, రాళ్ల సందుల్లో బతికే సన్న పురుగులకు రాగి విషమే. ఒకసారి పడిన రాగి రాళ్లలోకీ ఇసుకలోకీ ఇంకి, ఆ తర్వాత నెలల తరబడి కొద్దికొద్దిగా నీళ్లలోకి వస్తూనే ఉంటుంది. పోనీ పాచి అయినా పోతుందా అంటే, చచ్చిన పాచి ఎక్కడికీ పోదు. అక్కడే కుళ్లి, తాను తిన్న ఎరువంతా తిరిగి నీళ్లలో కలిపేస్తుంది. రెండు మూడు వారాల్లో అదే చోట ఇంకో పాచి లేస్తుంది. చాలాసార్లు అది మొదటిదానికంటే మొండిది.

ఆ ఎరువు ఎక్కడిది? మనం వేసే మేతలోది. ఒక్కసారి లెక్క వేసి చూడండి. పొడి మేతలో మాంసకృత్తులు 45 శాతం అనుకుందాం. మాంసకృత్తుల్లో నత్రజని సుమారు 16 శాతం. అంటే గ్రాము మేతతో 72 మిల్లీగ్రాముల నత్రజని తొట్టెలోకి దిగుతుంది. చేప ఒంటికి పట్టేది అందులో కొంతే. మిగిలినది మొప్పల నుంచి, పెంట నుంచి అమ్మోనియాగా నీళ్లలో కలుస్తుంది. రాళ్లకూ ఇసుకకూ పట్టి ఉండే బ్యాక్టీరియా ఆ అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. 72 మిల్లీగ్రాముల నత్రజని మొత్తం నైట్రేటు అయితే సుమారు 320 మిల్లీగ్రాములు. నికరంగా 200 లీటర్ల నీళ్లున్న తొట్టెలో అది లీటరుకు 1.6 మిల్లీగ్రాములు. రోజుకో గ్రాము చొప్పున వేస్తే నెలకు 48. చేప ఒంటికి పట్టింది తీసేసినా 30 దాటుతుంది. ఫాస్ఫేటు కూడా ఇలాగే పేరుకుంటుంది. అమ్మోనియా, నైట్రైటులాగా నైట్రేటు చేపను వెంటనే చంపదు కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరు. పాచి మాత్రం వదలకుండా పట్టించుకుంటుంది.

ఆ నైట్రేటు తొట్టె నుంచి బయటికి పోవడానికి దారులు కొన్నే. నీళ్లు మార్చడం ఒకటి. రాళ్ల లోపలి పొరల్లో, గాలి అందని చోట ఉండే బ్యాక్టీరియా దాన్ని నత్రజని వాయువుగా మార్చి వదిలేయడం ఇంకొకటి. మూడోది రైతుకు బాగా తెలిసిన దారి. ఎరువు ఎక్కువైన నేలలో పైరు వేసి, పెరిగిన పైరు కోసి గట్టెక్కించడం. మొక్క తిన్నదంతా మొక్కతోపాటే బయటికి పోతుంది. అసలు తొట్టెలో ఎలాగూ పాచి పడుతుంది కదా, అదేదో మనకు కావలసిన జాతి నాచును, మనకు కావలసిన చోట, దానికి నచ్చిన వెలుగులో పెంచితే, గాజుమీద పాచికి తిండి దొరకదు. దీన్ని రెఫ్యూజియం అంటారు. లాటిన్ మాట, ఆశ్రయమని అర్థం. మాలో మేము నాచుమడి అనుకుంటాం. తొట్టె నీటిని నాచుతో శుభ్రం చేయడం కొత్తదేమీ కాదు. అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థలో వాల్టర్ ఏడీ 1980ల్లోనే పాచి పలకల మీద పెద్ద తొట్టెల నీళ్లు పారించి చూపించారు.

ఆశ్రయమన్న పేరు ఊరికే రాలేదు. మన ఉప్పుటేళ్లలో గట్టు వార గడ్డిలో, వేళ్ల మధ్య రొయ్యపిల్లలు పెద్ద చేప నోటికి అందకుండా పెరుగుతాయి కదా, నాచుమడిలోనూ అంతే. కోపీపాడ్లు, యాంఫీపాడ్లు అనే గింజంత జీవులు అక్కడ చేపల బెడద లేకుండా గుడ్లు పెట్టి పెరుగుతాయి. వాటిలో కొన్ని పంపు వెంట పెద్ద తొట్టెలోకి వెళ్లి చేపలకు జీవమున్న మేత అవుతాయి. అంత చిన్న ప్రాణులు పంపు రెక్కల మధ్య నలిగిపోతాయని భయపడేవారున్నారు. వాటిలో ఎక్కువ భాగం క్షేమంగానే దాటుతాయి.

ఇక కట్టడం. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టె తీసుకుందాం. అందులో పట్టేది సుమారు 190 లీటర్లు. దాని కింద స్టాండులో 30 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తుతో ఇంకో గాజు తొట్టె పెట్టాలి. దాన్ని సంప్ అంటారు. పైతొట్టె అంచు పొర్లి పైపు గుండా వచ్చిన నీరు దిగే మొదటి గది 8 అంగుళాలు. బుడగలతో మురికిని నురుగుగా తేల్చి తీసే స్కిమ్మర్ ఉంటే ఇక్కడే పెట్టాలి. నడిమి గది 13 అంగుళాలు, అదే నాచుమడి. చివరి 9 అంగుళాల్లో బుడగల్ని ఆపే అడ్డుగాజులు, వాటి అవతల నీళ్లను పైకి తోసే రిటర్న్ పంపు. మొదటి గదికీ మడికీ మధ్య అడ్డుగాజు ఎత్తు 9 అంగుళాలు. మడికీ పంపు గదికీ మధ్య అంగుళం ఎడంతో మూడు గాజులు నిలబెట్టాలి. మొదటిదాని ఎత్తు కూడా 9 అంగుళాలే. మొదటిదీ మూడోదీ అడుగుకు అతికి ఉండాలి, నడిమిదానికి కింద అంగుళం సందు వదలాలి. నీరు ఒకదాని పైనుంచి, ఒకదాని కిందనుంచి పోతూ బుడగల్ని వదిలేస్తుంది. ఇలా కడితే మడిలో నీళ్లు ఎప్పుడూ 9 అంగుళాల దగ్గర నిలుస్తాయి. 13, 12, 9 అంగుళాలంటే 23 లీటర్లు, పైతొట్టెలో ఎనిమిదో వంతు. పైతొట్టె నీటిలో పదో వంతుకు తగ్గితే నాచు చేసే పని కంటికి కనిపించదు. ఐదో వంతు దాకా పెంచగలిగితే ఇంకా మేలు.

అతికించే సిలికాన్‌లో బూజు పట్టకుండా మందు కలిపిన రకాలుంటాయి. స్నానాల గదికి అమ్మేవి చాలావరకు అవే. అవి వాడకూడదు. మామూలు రకం తీసుకుని, వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా ఆగాలి. కనీసం రెండు రోజులు. ఇత్తడి నట్లు, రాగి తీగ, తుప్పు పట్టే క్లిప్పులు ఏవీ నీళ్లను తాకకూడదు. మడి చివరి గాజుమీద ప్లాస్టిక్ జాలీ బిగించండి. అది లేకపోతే తెగిన నాచు పోగులు పంపు నోట్లో చుట్టుకుని, నీటి ధార సగానికి పడిపోయేదాకా తెలియదు.

సంప్ కట్టేవారిలో ఎక్కువమంది తప్పు చేసేది కరెంటు పోయినప్పటి లెక్కలో. పంపు ఆగగానే పైతొట్టె నీరు వచ్చిన దారిలోనే వెనక్కి దిగుతుంది. పై తొట్టెలో ఒక్క అంగుళం మట్టం అంటే 10.6 లీటర్లు. సంప్‌లో 9 అంగుళాల పైన మిగిలిన ఖాళీలో పట్టేది 35 లీటర్లు. నీళ్లు విడిచే పైపు మూతి పైతొట్టెలో రెండంగుళాల లోతులో ఉంటే 21 లీటర్లు దిగి ఆగుతుంది, భయం లేదు. అదే మూతి ఆరంగుళాల లోతులో ఉంటే 63 లీటర్లు దిగుతుంది, అందులో 28 లీటర్లు గది నేలమీదే. దీనికి విరుగుడుగా పైపుకు నీటిమట్టం కింద అర అంగుళంలో చిన్న కన్నం పెడతారు. గాలి పీల్చుకోగానే ధార తెగుతుంది. ఆ కన్నంలో చిన్న నత్త దూరితే చాలు, ఉపయోగం ఉండదు. కాబట్టి కన్నాన్నే నమ్ముకోకుండా పైపు మూతిని పైకే ఉంచండి. వెనక్కి రానీయని వాల్వులు ఉప్పు పేరుకుని పట్టేస్తాయి, వాటిమీదా భారం వేయకండి. నీళ్లు నింపిన రోజే పంపు ఆపి, సంప్ ఎంతదాకా నిండుతుందో చూసి, అక్కడ గీత గీసుకోండి.

పంపు సామర్థ్యం డబ్బామీద రాసిన అంకెను బట్టి చూడకూడదు. మూడునాలుగడుగుల ఎత్తుకు తోసేటప్పుడు అది బాగా తగ్గిపోతుంది. పైకి చేరేది గంటకు వెయ్యి లీటర్ల దగ్గర ఉంటే ఈ తొట్టెకు సరిపోతుంది. నాచుమడిలో నీళ్లు మెల్లగా పారాలని పాతకాలం సలహా ఒకటి ఉంది. ఆ సలహా పాటించిన మడుల్లో మురికి అడుగున దిగి, నాచుమీద ఎర్రపాచి పరుచుకుంటుంది. నాచు పోగు పోగుకూ కొత్త నీరు తగులుతూ ఉంటేనే అది తినగలుగుతుంది. ఉండ మొత్తం మెల్లగా దొర్లుతూ ఉంటే ఇంకా మంచిది.

ఏ నాచు వేయాలి? మా అనుభవంలో మొదలుపెట్టేవారికి కీటోమార్ఫా ఒక్కటే చాలు. తొట్టెలవాళ్లు కీటో అంటారు. చూడ్డానికి అంట్లు తోమే పచ్చ నైలాన్ పీచు చిక్కుపడ్డట్టు ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే మెత్తగా జారదు, సన్న తీగలా గరుగ్గా తగులుతుంది. వేళ్లూనదు, ఇసుక అక్కర్లేదు, ఆకులు రాల్చదు. పిడికెడు వేస్తే చాలు. మన తీరంలో కెరటాలు కొట్టే రాళ్లమీద కుచ్చుల్లా పెరిగే కీటోమార్ఫా కూడా ఉంది గాని, రాయిని వదిలి తొట్టెలో అది సాధారణంగా నిలవదు. గ్రాసిలేరియా ఎర్రగా అందంగా ఉంటుంది, ఆకుమేత తినే చేపలకు ఇష్టం, పెరుగుదల మాత్రం నెమ్మది. అల్వా పాలకూర రేకులా పలచగా ఉండి వేగంగా ఎదుగుతుంది, కాని అంచులు చిరిగి ముక్కలు తొట్టెంతా తేలుతాయి.

కాలెర్పా విషయంలో గట్టిగా హెచ్చరిస్తాం. ద్రాక్ష గుత్తుల్లాంటి ఆ అందం చూసి మోజుపడేవారు చాలామంది. మొక్క ఎంత పొడవు పాకినా అదంతా ఒకే ఒక్క కణం, లోపల అడ్డుగోడలుండవు. అది సంతానోత్పత్తి దశకు వచ్చిన రోజు ఒంట్లో ఉన్నదంతా విత్తురూపంలో నీళ్లలోకి వదిలేస్తుంది. ముందురోజు ఆకులు పాలిపోతాయి, తెల్లారేసరికి గాజులా ఖాళీ అయిపోతాయి. నీళ్లు పచ్చపాలలా మారతాయి, ప్రాణవాయువు పడిపోతుంది, నెలలు తిన్న ఎరువంతా ఒక్క పూటలో వెనక్కి వస్తుంది. అలా జరిగితే వెంటనే గాలి పంపులు పెట్టి, స్కిమ్మర్ జోరు పెంచి, నాలుగోవంతు నీళ్లు మార్చి, నీళ్లు శుభ్రం చేసే బొగ్గు (యాక్టివేటెడ్ కార్బన్) వేయాలి. ఇప్పటికే కాలెర్పా ఉన్నవారు దానికి వెలుగు ఇరవైనాలుగు గంటలూ ఇస్తే ఆ ముప్పు తగ్గుతుంది. తీసేటప్పుడు కత్తెరతో ముక్కలు చేయకుండా పాకే తీగను మొదలంటా లాగండి, కోసిన చోట రసం కారుతుంది.

వెలుగుకు ఖరీదైన దీపాలేమీ అక్కర్లేదు. మన బజారులో కూల్ డేలైట్ పేరుతో దొరికే 6500 కెల్విన్ ఎల్‌ఈడీ బల్బు, 15 నుంచి 20 వాట్లది, నీటికి ఆరేడంగుళాల ఎత్తున పెడితే ఈ మడికి చాలు. హోల్డర్‌మీద ఉప్పు తుంపర పడకుండా ప్లాస్టిక్ రేకు అడ్డం పెట్టండి. తీగ ప్లగ్గుకు చేరే ముందు కిందికి వంగి మళ్లీ పైకి లేచేలా కట్టండి, అప్పుడు తీగ వెంట జారిన నీరు ప్లగ్గులోకి పోకుండా ఆ వంపు దగ్గరే కారిపోతుంది. పెద్ద తొట్టె దీపాలు ఆరిన తర్వాత మడి దీపం వెలగాలి. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా అనుకోండి. దీనికో కారణం ఉంది. చీకట్లో చేపలు, పాచి, బ్యాక్టీరియా అన్నీ బొగ్గుపులుసు వాయువు వదులుతాయి, అది నీళ్లలో కరిగి పులుపవుతుంది. పగలు 8.2 ఉన్న పీహెచ్ తెల్లవారుజామున 7.9కి దిగడం మామూలే. రాత్రంతా వెలుగులో ఉన్న నాచు ఆ వాయువును తినేస్తుంది, పీహెచ్ పడిపోవడం తగ్గుతుంది, ప్రాణవాయువు కూడా అందుతుంది. కొత్త నాచుకు మొదటి వారం ఎనిమిది గంటలే ఇచ్చి, వారానికో గంట రెండు గంటలు పెంచుకుంటూ పోండి. మొదటిరోజే పన్నెండు గంటలు దంచితే తెల్లబడిపోతుంది.

కొత్త తొట్టెలో మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు నాచు వేయకండి. అమ్మోనియా, నైట్రైటు సున్నాకి దిగి, నైట్రేటు కిట్‌లో రంగు కనిపించాకే వేయాలి. తిండి లేని మడిలో పైరు వేసి ఏం లాభం? వేసిన తర్వాత ఒక నెల దాని జోలికి వెళ్లకండి.

ఆ తర్వాతది కోత. అసలు పని ఇదే. నాచుమడి పెట్టుకున్నాం, అయినా పాచి పోలేదు అనేవారిని కోత ఎప్పుడు కోశారని అడిగితే చాలాసార్లు జవాబు ఉండదు. కోయని మడి ఎరువును దాచిపెడుతుంది తప్ప బయటికి పంపదు. ఉండ మందంగా అయ్యేకొద్దీ లోపలి పోగులకు వెలుగు అందక అవి కుళ్లి, పైపోగులు తిన్నదాన్ని తిరిగి నీళ్లలో కలుపుతాయి. వారానికోసారి ఉండను తిరగేయండి. రెండు మూడు వారాలకోసారి, మడిలో సగం దాటి నిండినప్పుడు, మూడోవంతు పీకండి. పీకేముందు ఒక బకెట్లో తొట్టె నీళ్లే తీసుకుని అందులో ఉండను నాలుగైదుసార్లు గట్టిగా జాడించండి. గోధుమరంగు మడ్డి దిగుతుంది. దానితోపాటు తెల్లగా, నువ్వుగింజలో సగం ఉండే ప్రాణులు గిలగిలా ఈదుతూ కనిపిస్తాయి. మడ్డి అడుగుకు దిగేదాకా రెండు నిమిషాలాగి, పైనీటిని మడిలోనే పోసేయండి. ఆశ్రయం ఇచ్చింది వాటికోసమే కదా.

కోత ఎంత బరువు ఎరువును మోసుకెళ్తుందో చూడండి. నాచు ఎండుబరువులో నత్రజని జాతిని బట్టి, తిండిని బట్టి సుమారు 2 నుంచి 5 శాతం. నీళ్లు పిండిన పచ్చినాచు 100 గ్రాములు ఎండితే 10 గ్రాముల దగ్గర మిగులుతుంది. 3 శాతం చొప్పున 300 మిల్లీగ్రాముల నత్రజని, అంటే 1,300 మిల్లీగ్రాముల పైచిలుకు నైట్రేటు. పైన చెప్పిన లెక్కలో అది నాలుగు గ్రాముల మేతకు సరి. కాబట్టి ఇంత చిన్న మడి మొత్తం భారం మోస్తుందని ఆశపెట్టం. నీళ్లు మార్చడం మానేయొచ్చని చెప్పేవారి మాట నమ్మకండి, వారానికి పది శాతం మార్చుతూనే ఉండాలి. కోసిన నాచును తూకం వేసి ఒక పుస్తకంలో రాసుకుంటే, మేత ఎంత పెంచొచ్చో ఎంత తగ్గించాలో నెల రోజుల్లో మీకే తెలుస్తుంది.

లీటరుకు నైట్రేటు 2 నుంచి 10, ఫాస్ఫేటు 0.03 నుంచి 0.1 మిల్లీగ్రాముల మధ్య ఉంటే నాచు బాగుంటుంది, చేపా బాగుంటుంది. సున్నా చేయాలన్న పంతం వద్దు. రెండింటిలో ఏ ఒక్కటి అయిపోయినా నాచు ఎదుగుదల ఆగి, పోగులు తెల్లబడి, చేతిలో పట్టుకుంటే పొడిపొడిగా తునుగుతాయి. అంతకంటే చెడ్డ సంగతి, ఆ ఖాళీలో రాళ్లమీద ముక్కుచీమిడిలా సాగే గోధుమరంగు డైనోఫ్లాజెలేట్లు అనే సూక్ష్మజీవులు దిగుతాయి. అప్పుడు మడి దీపం గంటలు తగ్గించి మేత కాస్త పెంచాలి. నైట్రేటు, ఫాస్ఫేటు రెండూ ఉండి, వెలుగూ ఉండి, అయినా నాచు పాలిపోతుంటే ఇనుము తక్కువై ఉండొచ్చు. తొట్టెలకు అమ్మే ఇనుప ద్రావణం డబ్బామీద రాసినదాంట్లో సగం మోతాదుతో మొదలుపెట్టండి. నాచుమీదే జుట్టుపాచి అల్లుకుంటుంటే ధార చాలడం లేదు, లేదా బల్బు పాతబడింది.

ఇప్పుడు ఉప్పు. నౌపడ వైపు ఉప్పు మడుల పని తెలిసినవారికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. సముద్రపు నీరు మడిలో ఎండుతుంటే ముందు సున్నం దిగుతుంది, ఆ తర్వాత జిప్సం, ఆపైన ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం చాలావరకు చివర మిగిలే చేదునీటిలో ఉండిపోతుంది, ఆ నీరు పారబోస్తారు. అంటే మన చేతికొచ్చే కల్లుప్పు సముద్రంలో ఒక భాగమే. సముద్రపు నీటిలో కిలోకు సుమారు 1,290 మిల్లీగ్రాముల మెగ్నీషియం, 410 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. ఆ ఉప్పును ఎన్ని నీళ్లలో కలిపినా ఇవి తిరిగి రావు. పొడి ఉప్పులో అయితే గడ్డకట్టకుండా కలిపిన పదార్థం, అయోడిన్ అదనం. తొట్టెల కోసం తయారుచేసిన సముద్రపు ఉప్పునే వాడండి. లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పదనం, 25 డిగ్రీల వేడి దగ్గర స్పెసిఫిక్ గ్రావిటీ 1.025 నుంచి 1.026 ఉండాలి. రిఫ్రాక్టోమీటర్‌తో కొలవండి, తేలే ముల్లు కొలతలు బుడగ అంటుకుంటే తప్పు చూపిస్తాయి.

కలిపే నీళ్లు ఆర్వోవి కావాలి. ఇంట్లో తాగేనీటి ఆర్వో యంత్రాల్లో చాలావాటికి టీడీఎస్ సర్దే చిన్న మర ఉంటుంది. అది తెరిచి ఉంటే రుచికోసం బోరునీరు కొంత కలిసిపోతుంది, దానితోపాటు ఫాస్ఫేటు, నైట్రేటు కూడా. తొట్టెకు పట్టేటప్పుడు అది మూసేయండి. ఆవిరైన నీటికి బదులు ఉప్పునీరు పోయకండి, ఆవిరయ్యేది మంచినీరే, ఉప్పు అక్కడే ఉంటుంది. పంపు గదిలో గీత గీసుకుని రోజూ దానిదాకా ఆర్వో నీరు పోస్తే సరి.

సముద్రం పక్కనే ఉంది కదా, అక్కడి నీళ్లే తెచ్చుకుంటే? తెచ్చుకోవచ్చు, కాలం చూసుకుని. వంశధార, నాగావళి వరదలొచ్చే నెలల్లో, ఆ తర్వాత కార్తీకం దాకా, మన తీరం వెంట నీటిలో ఉప్పదనం 30 కిందికి దిగిపోతుంది, బురద సరేసరి. కళింగపట్నంలో నదినోటి దగ్గర పట్టిన నీరు తొట్టెకు ఏ కాలంలోనూ పనికిరాదు. మాఘం నుంచి వైశాఖం మధ్య, నదీముఖాలకు దూరంగా, పడవలో కెరటాలు దాటి వెళ్లి పట్టిన నీళ్లు మేలు. మూత ఉన్న డ్రమ్ములో చీకట్లో రెండువారాలు గాలిపెట్టి ఉంచి, తేరాక వడకట్టి వాడాలి. ఇసుక మాత్రం తీరంలోది వద్దు. మన తీరం ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్ లాంటి నల్ల, ఎర్ర రేణువులు ఎక్కువ. వాటిలో అయస్కాంతానికి అంటేవి పంపు లోపలి అయస్కాంతం చుట్టూ చేరి దాన్ని అరగదీస్తాయి. గాజు తుడిచే అయస్కాంతానికి ఒక్క రేణువు అంటుకున్నా గీత పడినట్టే.

చట్టం మాట కూడా చెప్పాలి. రాతి పగడాలు, సముద్రపు గుర్రాలు, సముద్ర దోసకాయలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి. ఏరడం, కొనడం, అమ్మడం నేరం. మేం రాసిందంతా చేపలు, కృత్రిమ రాళ్లు ఉన్న తొట్టెల గురించే. మాండరిన్ చేప కొనేవారికి కూడా ఒక మాట. అది పొద్దస్తమానం కోపీపాడ్లు ఏరుకుని తింటుంది. 23 లీటర్ల మడి దాన్ని పోషించలేదు, మెల్లగా ఎండిపోయి చస్తుంది. దయచేసి కొనకండి.

వేసవిలో మన గదుల్లో నీరు 30 డిగ్రీలు దాటడం తేలిక. నాచు తట్టుకున్నా చేప రొప్పుతుంది. సంప్ మీద చిన్న ఫ్యాను అడ్డంగా తిప్పితే ఆవిరితోపాటు రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఉక్కపోత రోజుల్లో అంత దిగదు.

తుపాను ఇంకా పెద్ద పరీక్ష. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఈ రెండు జిల్లాల్లో ఎన్నో ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. దీపం లేని నాచు ప్రాణవాయువు ఇవ్వదు సరికదా, తానే తీసుకుంటుంది. నీరు కదలని మడిలో కొన్ని గంటల్లోనే ప్రాణవాయువు అడుగంటుతుంది. ఇన్వర్టర్ మీద ముందు రిటర్న్ పంపు పెట్టాలి. అది మోయలేకపోతే 5 వాట్ల గాలి పంపు చాలు, దీపాల జోలికి పోవద్దు. పెద్ద తుపాను హెచ్చరిక వస్తే ముందురోజే సగం నాచు కోసేయండి, మేత ఆపేయండి, బ్యాటరీ గాలి పంపు పెద్ద తొట్టెలో సిద్ధంగా ఉంచండి. కరెంటు తిరిగి రాగానే పంపు వేసేయడం పొరపాటు. నిలవ ఉన్న మడినీరు ముందు వాసన చూడండి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే ఆ 23 లీటర్లూ తోడి పారబోసి, కొత్త ఉప్పునీరు నింపాకే పంపు వేయాలి.

పారబోయడం అన్నాం కాబట్టి కోసిన నాచు సంగతి కూడా. దాన్ని నాగావళిలో గాని, ఊరి చెరువులో గాని, ముఖ్యంగా సముద్రంలో గాని వేయకండి. సముద్రానిదే కదా అనిపిస్తుంది. 1984లో మొనాకో తీరంలో కొద్దిచోట కనబడిన కాలెర్పా టాక్సిఫోలియా అనే తొట్టె నాచు మధ్యధరా సముద్రంలో వేల ఎకరాలు ఆక్రమించింది. 2000లో అదే నాచు కాలిఫోర్నియా ఉప్పుటేటిలో దొరికితే, టార్పాలిన్ పట్టాలు కప్పి కింద క్లోరిన్ ఎక్కించి, పూర్తిగా పోయిందని ప్రకటించేసరికి 2006 అయింది. కోసినదాన్ని మంచినీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, ఎండలో రెండు రోజులు కరకరలాడేదాకా ఆరబెట్టండి. నానబెట్టిన నీరు ఉప్పుది, మొక్కలకు పోయకండి. ఎండిన నాచును ఇంకోసారి కడిగి పేడ ఎరువు గుంటలో కలిపితే పాదులకు పనికొస్తుంది.

ఇట్లు,
ఉప్పునీటి తొట్టెలు పెంచుతున్న కొందరు పాఠకులు,
శ్రీకాకుళం, విజయనగరం